విద్యుత్ గిటారు: టోను కంట్రోలులో వచ్చు చిక్కులు

మహాశివరాత్రినాటి రాత్రి కోటప్పకొండ దిగువన నిలిచి చూచినవారికి ఆ వెలుగు ఒకపట్టున మరపునకు రాదు. త్రికోటేశ్వరుని సన్నిధికి నరసరావుపేట, చిలకలూరిపేట పరిసర గ్రామములనుండి తరలివచ్చిన విద్యుత్ప్రభలు 80, 90 అడుగుల ఎత్తున వేలకొలది దీపములతో పొలములమధ్య నిలిచియుండును. ప్రభముందు వేదిక, వేదికమీద వాద్యబృందము. డోలు సన్నాయిలు మ్రోగినచోటనే నేడు కీబోర్డును, గిటారును వినవచ్చుచున్నవి. తెల్లవారుదాక పాట ఆగరాదు. ఆగినచో ఆ ఊరి పరువునకే లోటని యువకులు భావింతురు. అట్టి రాత్రి ఒక వాద్యము మొరాయించిన, దానిని పట్టుకొని నిలిచినవాని గతి యేమగును? అట్టివాని కథ యొకటి చెప్పి, ఆ కథలోనుండి విద్యుత్ గిటారు లోపలి సంగతిని నేడు వివరింపదలచితిమి.

కొన్నియేండ్ల క్రిందట, శివరాత్రి రెండువారములున్నదనగా, మేము నరసరావుపేటలో పల్నాడు రోడ్డున మా బంధువుల యింట నుంటిమి. ఒక యువకుడు గుడ్డసంచిలో గిటారు పెట్టుకొని వచ్చెను. తల్లియు తానును మిరపకాయల కోతకు పోయి కూడబెట్టిన సొమ్ముతో కొన్న వాద్యమట. “అయ్యా, మీరు రేడియోలో పనిచేస్తారటగదా, ఒక్కసారి దీన్ని చూడండి. షాపులో బల్లమీద పలుకుతుంది, స్టేజి ఎక్కితే చచ్చిపోతుంది” అనెను.

“ఎప్పుడు చచ్చిపోతుంది నాయనా?” అని అడిగితిమి.

“టోను తగ్గించగానే అండీ. మెత్తబడాల్సిన మోత మొత్తానికే పోతుంది. షాపుకు తీసుకుపోయి మూత విప్పితే బాగానే ఉంటుంది. బిగించి ఇంటికి తెచ్చుకుంటే మళ్లీ అంతే.”

అప్పటికే టోను కంట్రోలును రెండుమారులు మార్చిరట. ఇంకను నయముకానిచో లోపలి సరంజామా అంతయు తీసి క్రొత్తది వేయవలెనని చెప్పిరట. దానికగు ఖర్చు గిటారు వెలలో సగమునకు వచ్చుచున్నది. శివరాత్రిలోగా బాగుచేయించుకొననిచో వేరొకనిని చూచుకొందునని బృందనాయకుడు కబురంపినాడు. మెకానిక్కు చేతగానివాడని మేము చెప్పుటలేదు. వాద్యము అతని యెదుట సరిగనే పలికినది. అతడు చేయగలిగినదెల్ల చేసినాడు. చిక్కు మరియొకచోట నున్నది. అది యెక్కడ నున్నదో తెలియవలెనన్న మొదట టోను కంట్రోలు అనగా నేమో తెలియవలెను.

ఇంట పాత రేడియో ఉన్నవారు దానిమీది టోను నాబును తలచుకొనుడు. ఒక ప్రక్కకు త్రిప్పిన వార్తలు చదువువారి గొంతు కుండలోనుండి వచ్చినట్లు బొంగురుగా నుండును. రెండవ ప్రక్కకు త్రిప్పిన శ, ష, స అను అక్షరములు పదునెక్కి వినబడును. శబ్దము పెరుగదు, తరుగదు. దానిలోని హెచ్చు స్థాయి భాగము మాత్రము తగ్గును, లేదా నిలుచును. గిటారు టోను నాబు చేయు పనియు నిదియే. ఈ పోలిక కాకతాళీయము కాదు. నేటి విద్యుత్ గిటారునకు రూపుదిద్దినవారిలో ముఖ్యుడైన లియో ఫెండరు అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అను ఊరిలో 1938లో రేడియో మరమ్మతు దుకాణము పెట్టుకొన్నవాడు. అతడు 1950వ సంవత్సర ప్రాంతమున వెలువరించిన గిటార్లలోను, 1954 నాటి స్ట్రాటోకాస్టరులోను ఉన్న కంట్రోళ్లు, కండెన్సర్లు రేడియో బల్లమీది సామగ్రియే. అతనికి గిటారు వాయించుట రాదని కూడ ప్రసిద్ధి. వాయించుట రానివాడును వాద్యము గుట్టు తెలిసికొనవచ్చునని మాకు ధైర్యము చెప్పినది అతని కథయే.

విద్యుద్వాద్యమనగా మన సంప్రదాయమునకు దూరపు వస్తువని తలపరాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలినుమీద కర్ణాటక సంగీతమును పలికించి లోకమును మెప్పించినాడు. గుడివాడలో 1978లో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమున ఆయన తొలి కచేరీ జరిగినది. మామూలు మాండొలిను నాదము మీటినవెంటనే అణగిపోవును. గమకము పలుకునంతసేపు నిలువదు. ఆయన జంట తంత్రులకు మారుగా ఒంటి తంత్రులను, నాలుగు వరుసలకు మారుగా అయిదింటిని అమర్చుకొని, విద్యుత్తు సాయముతో నాదమును నిలిపినాడు. 2014లో ఆయన మరణించినాడు. ఆయన చూపిన దారిలో నడచువారు నేడు కూడ కలరు. కావున ఈ వాద్యముల లోపలి తీగల సంగతి మన యిండ్లకు సంబంధించినదే.

ఇక లోపలికి పోవుదము. గిటారు తంత్రుల క్రింద పికప్ అను భాగమున్నది. అయస్కాంతముచుట్టు వెండ్రుకకంటె సన్ననైన రాగితీగను కొన్నివేల చుట్లు చుట్టగా అది పికప్ అగును. ఉక్కుతంత్రి ఆ అయస్కాంతముపై కంపించినపుడు చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. అందుచేతనే నైలాను తంత్రులు వేసిన గిటారునకు ఈ పికప్ పనిచేయదు. అట్లు పుట్టిన విద్యుత్తు వాల్యూము కంట్రోలునకు, అచటినుండి జాకునకు, జాకునుండి తీగద్వారా ఆంప్లిఫయరునకు పోవును. ఇది రాజమార్గము.

టోను కంట్రోలు ఆ మార్గములో అడ్డముగా నుండదు, ప్రక్కన నుండును. సాగరు కుడికాలువ యెరిగిన పల్నాటి శ్రోతలకు ఈ సంగతి సులభముగా బోధపడును. పెద్దకాలువలో నీరు పారుచుండగా గట్టున ఒక తూము పెట్టి, ఆ తూమునకు జల్లెడ బిగించితిమనుకొనుడు. తూము తలుపు తెరచినకొలది జల్లెడలో దూరగలిగినది మాత్రము ప్రక్కకు పోవును. దూరలేనిది కాలువలోనే సాగును. టోను కంట్రోలు ఆ తూము తలుపు. కండెన్సరు ఆ జల్లెడ. ఎర్త్ ఆ నీరు చేరు పల్లము. హెచ్చు స్థాయి స్వరములు కండెన్సరులో దూరి ఎర్త్ చేరిపోవును. తగ్గు స్థాయి స్వరములు దూరలేక ఆంప్లిఫయరువైపు సాగును. అందుచేతనే నాబు తగ్గించిన నాదము మెత్తబడును.

జల్లెడ కన్నుల కొలత చెప్పుదము. గిటార్లలో సాధారణముగా 0.022 లేక 0.047 మైక్రోఫారడ్ కండెన్సరు వాడుదురు. 0.047 కండెన్సరు సెకనుకు 100 కంపనముల స్వరమునకు దాదాపు 34 కిలో ఓముల అడ్డు చూపును. 1000 కంపనములకు ఆ అడ్డు 3.4 కిలో ఓములకు దిగును. 5000 కంపనములకు 700 ఓములకంటె తక్కువ. గిటారు లావుతంత్రిని ఊరక మీటిన సెకనుకు దాదాపు 82 కంపనములు. దానికి ఆ జల్లెడ మూసిన తలుపువంటిదే. నిలకడ విద్యుత్తునకు, అనగా బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తునకు, కండెన్సరు పూర్తిగా మూసిన తలుపు. ఈ చివరి మాటను జ్ఞాపకముంచుకొనుడు. మన పరీక్షకు కీలకమిదియే.

చిక్కు వచ్చినవెంటనే మూత విప్పరాదు. మొదట తీగ మార్చి చూడవలెను, పిదప ఆంప్లిఫయరు మార్చి చూడవలెను. గిటారులో బ్యాటరీ ఉన్నదేమో విచారింపవలెను. ఉన్నచో అది నీరసించినదేమో చూడవలెను. తీగ గ్రుచ్చియుంచినంతసేపు చాల గిటార్లలో బ్యాటరీ ఖర్చగుచునే యుండును. ఆ తరువాత పికప్ మార్చు మీటను ఒక్కొక్క స్థానమున నుంచి టోను నాబు త్రిప్పవలెను. స్ట్రాటోకాస్టరు తొలి పద్ధతిలో రెండు టోను నాబులున్నను వంతెన దగ్గరి పికప్‌నకు టోను కంట్రోలే లేదు. ఆ స్థానమున నాబు పనిచేయుటలేదని మరమ్మతునకు తెచ్చిన గిటారును మేమెరుగుదుము. లేని రోగమునకు మందెట్లు దొరకును?

బయటనున్న ఈ సందేహములు తీరిన పిదప ఒక మల్టీమీటరు తెచ్చుకొనవలెను. గిటారును ఆంప్లిఫయరునుండి విడదీసి, తీగ రెండవ కొన పట్టుకొని, దాని మొన ఒక వైపునను మెడ ఒక వైపునను మీటరు మొనలు తాకింపవలెను. మీటరు ఓములు చూపు స్థానములో నుండవలెను. వాల్యూము, టోను నాబులు రెండును పూర్తిగా తెరచియుంచవలెను. పికప్ జాతినిబట్టి 5 మొదలు 10 వరకు, కొన్నిటికి అంతకు మించియు, కిలో ఓములు కనబడును. అంకె 250 లేక 500 కిలో ఓముల చెంతకు పోయినచో పికప్ చుట్ట తెగినది, లేదా దాని తీగ ఊడినది. మీటరునకు వాల్యూము కంట్రోలు మాత్రమే కనబడుచున్నదన్నమాట. ఏ అంకెయు రానిచో జాకువద్దనో తీగలోనో తెగినది. సున్న వచ్చినచో దారిలో ఎచటనో తీగ ఎర్త్‌ను తాకుచున్నది.

ఇప్పుడు టోను నాబును మెల్లగా పూర్తిగా తగ్గింపవలెను. కండెన్సరు నిలకడ విద్యుత్తును పోనీయదుగదా! కావున అంకె యించుమించు కదలరాదు. కదలకున్నచో కండెన్సరు తెగియైన నుండవచ్చును గాని లోపల కలిసిపోలేదు. అట్లుగాక 6 కిలో ఓములున్న అంకె సున్నకు జారిపోయినచో కండెన్సరు లోపల కలిసిపోయినది, లేదా దానిని దాటి దొంగదారి యొకటి ఏర్పడినది. జల్లెడ చినిగినచో తూములో కాలువ నీరంతయు పోవును. టోను నాబు రెండవ వాల్యూము నాబుగా మారిపోవును.

మా యువకుని గిటారునకు ఈ పరీక్ష చేసితిమి. టోను తగ్గించునప్పటికి అంకె సున్నకు జారినది. దొంగదారి ఉన్నదని నిశ్చయమైనది. మీటరును అట్లే యుంచి, వెనుక మూత మరమేకులు ఒక్కొక్కటిగా విప్పించితిమి. నాలుగవ మరమేకు వదులైనంతనే అంకె సున్ననుండి లేచి 6 కిలో ఓములకు వచ్చి నిలిచినది! యువకుడు మీటరువంక చూచి, మావంక చూచి, “మూతలోనే ఉందాండీ?” అనెను. మూతకు లోపలివైపున, రొద రాకుండుటకై, అల్యూమినియము రేకు అంటించియున్నది. ఆ రేకు ఎర్త్‌కు కలిసియున్నది. క్రొత్త కండెన్సరు వేసినపుడు దాని కాలిని కత్తిరింపక పొడవుగా విడిచినారు. మూత బిగించినపుడు ఆ కాలు రేకును తాకుచున్నది, విప్పినపుడు విడిపోవుచున్నది. అందుచేతనే బల్లమీద ప్రాణము, వేదికమీద మరణము. కాలిని పొట్టిచేసి, సన్నని ప్లాస్టికు గొట్టము తొడిగి, మూత బిగించితిమి. అయిన ఖర్చు ఒక టీ వెలకు మించలేదు.

అన్ని చిక్కులు ఇంత సులభముగా దొరకవు. కావున ఒక్కొక్క లక్షణమును, దాని కారణమును క్రమముగా చెప్పుదము. అందులకు ముందు సరియైన కూర్పు ఎట్లుండునో చూడవలెను. కంట్రోలునకు మూడు కాళ్లుండును. వాల్యూము కంట్రోలులో ఒక చివరికాలికి పికప్ తీగ వచ్చును. నడిమికాలినుండి జాకునకు తీగ పోవును. మూడవకాలు కంట్రోలు డిప్పకు టంకముతో అతికి ఎర్త్ అగును. టోను కంట్రోలులో రెండు కాళ్లే వాడుదురు. పికప్ తీగ వచ్చు కాలినుండి ఒక తీగ టోను కంట్రోలునకు వచ్చును; రెండవకాలినుండి కండెన్సరు డిప్పకు పోవును. మూడవకాలు ఖాళీ. ఆ ఖాళీ కాలిని చూచి తీగ ఊడినదని భ్రమపడి అచట నేదో అతికినవారు లేకపోలేదు.

నాబు ఎంత త్రిప్పినను నాదములో మార్పు లేకపోవుట మొదటి లక్షణము. కండెన్సరు తెగినది, లేదా దాని టంకము పట్టు విడిచినది, లేదా డిప్పకు ఎర్త్ తీగ ఊడినది. దీనిని తేల్చుటకు ఒక ఉపాయము. ఆంప్లిఫయరును తక్కువ మోతలో నుంచి, మంచి కండెన్సరు నొకదానిని తెచ్చి, దాని ఒక కాలిని వాల్యూము కంట్రోలున పికప్ తీగ వచ్చు కాలికి, రెండవకాలిని డిప్పకు తాకింపవలెను. నాదము మెత్తబడినచో రాజమార్గము, ఎర్త్ రెండును సరిగనున్నవి. దోషము పాత కండెన్సరులోనో టోను కంట్రోలులోనో కలదు. మెత్తబడనిచో ఎర్త్‌ను వెదకవలెను. ఈ ఒక్క తాకిడితో సగము అనుమానములు తీరును.

నాబు త్రిప్పినపుడు గరగరమనుట రెండవ లక్షణము. కంట్రోలు లోపలి పట్టామీద దుమ్ము చేరినది. మిరపకల్లములు, సున్నపురాతి గనులు ఉన్న మన సీమలో దుమ్మునకు కరవు లేదు. ఎలక్ట్రానికు పరికరములకని అమ్ము కాంటాక్టు క్లీనరును రెండు చుక్కలు లోపల పడునట్లు కొట్టి, నాబును ఇరువదిమార్లు ఇటునటు త్రిప్పిన చాలవరకు పోవును. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పోయరాదు. అవి దుమ్మును పట్టియుంచును. అప్పటికిని పోనిచో పట్టా అరిగినది, కంట్రోలు మార్చవలెను.

మూడవది, నాబు చివరి గీతవరకు ఏమియు కాక, చివరన ఒక్కమారుగా మెత్తబడుట. ఇది టంకపు దోషము కాదు. కంట్రోలు జాతి వేరు. మన చెవి మోతను సమానపు కొలతలతో గ్రహింపదు. అందుకు తగినట్లు చేసిన కంట్రోలు ఒకటి, సమానముగా మారు కంట్రోలు ఒకటి కలవు. నేటి కంట్రోళ్లలో చాలవాటిమీద మొదటిదానికి ఏ, రెండవదానికి బి అను అక్షరము ఉండును. టోనునకు సాధారణముగా మొదటిది నప్పును. విలువ ఒంటిచుట్ట పికప్‌లకు 250, జంటచుట్ట పికప్‌లకు 500 కిలో ఓములని వాడుక. 500 ఉండవలసినచోట 250 వేసిన చెడిపోదు గాని నాదము కొంత మందమగును.

నాలుగవది, నాబు తలక్రిందులుగా పనిచేయుట. చివరికాలికి వేసిన తీగను రెండవ చివరికాలికి మార్చిన చాలును. అయిదవది, వాల్యూము తగ్గించినపుడు నాదము పదును కూడ తగ్గుట. ఇది దోషము కానేకాదు. గిటారునుండి ఆంప్లిఫయరునకు పోవు తీగయే ఒక చిన్న కండెన్సరువలె పనిచేయును. తీగ పొడవైనకొలది ఆ గుణము హెచ్చును. పొట్టితీగ వాడుటయే మొదటి చికిత్స.

టంకము వేయుటనుగూర్చి నాలుగు మాటలు. మెరయుచు తీగను ఒరసికొని పరచుకొన్న టంకము మంచిది. బూడిదరంగున గరుకుగా ముద్దకట్టినది చెడ్డది. అది పట్టినట్లే యుండి పట్టదు. కంట్రోలు డిప్ప పెద్ద లోహము, వేడిని లాగివేయును. 40 నుండి 60 వాట్ల సోల్డరింగు ఐరను, వెడల్పు మొన కావలెను. డిప్పను గీకి, వేడిచేసి, మొదట దానిమీద కొంచెము టంకము పూసి, పిదప తీగ నుంచవలెను. చిన్న ఐరనుతో నిమిషముల తరబడి కాల్చినచో డిప్ప పట్టదు గాని లోపలి పట్టా మాడును. రజనము నింపిన టంకపుతీగనే వాడవలెను. రేకుపనివారి ఆమ్లము వాడినచో కొన్నాళ్లకు తీగలు తుప్పుపట్టి తెగును. కిటికీ తెరచి పనిచేసి, టంకములో సీసముండును గనుక చేతులు కడుగుకొని భోజనమునకు లేవవలెను. ఏ తీగ విప్పుటకైనను ముందు ఫోనుతో ఒక ఛాయాచిత్రము తీసికొనుట మేలు. విప్పినపుడు ఉన్న జ్ఞాపకము బిగించునపుడు ఉండదు.

ఇంతవరకు చెప్పినది నాదమునకు సంబంధించినది. ఇక ప్రాణమునకు సంబంధించినది చెప్పవలెను. గిటారు తంత్రులు వంతెనకు, వంతెన ఒక తీగద్వారా ఎర్త్‌కు కలిసియుండును. తంత్రులను తాకినపుడు గుయ్‌మను రొద తగ్గినచో ఆ తీగ సరిగనున్నది. తాకినపుడు రొద హెచ్చినచో అది ఊడినది. ఊడినదానిని అతికించుకొనవలెను. అయితే ఆ తీగ ఆంప్లిఫయరు ఎర్త్‌తో మన చేతిని కలుపుచున్నది. ఆంప్లిఫయరునకు ఎర్త్ లేక, లోపల 230 వోల్టుల తీగ దాని పెట్టెను తాకినచో, ఆ విద్యుత్తు తంత్రులలోనికి వచ్చి వాయించువాని చేతిలో నిలుచును. అతడు అదే సమయమున మరియొక ఎర్త్‌కు కలిసిన మైకును పెదవితో తాకినచో దారి పూర్తియగును.

ఇది ఊహ కాదు. స్టోన్ ది క్రోస్ అను స్కాట్లాండు బృందపు గిటారిస్టు లెస్ హార్వే 1972 మే 3న వేల్సులోని స్వాన్సీలో, ప్రేక్షకులు చూచుచుండగా, సరిగా ఎర్త్ కాని మైకును తాకి వేదికమీదనే మరణించినాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976 మేలో తన యింట గిటారు వాయించుచు విద్యుద్ఘాతమునకు గురియై మరణించినాడు. పెద్ద దేశములలో పేరుపొందినవారికే ఇట్లయినపుడు, పొలములో జనరేటరు పెట్టి, మంచులో తడిసిన తీగలు పరచి, చెప్పులు విడిచి భక్తితో ప్రభ ఎక్కు మన పిల్లల సంగతి యేమి?

కావున బృందనాయకులకును, ప్రభల నిర్వాహకులకును మా మనవి. జనరేటరునకు ఎర్త్ వేయించుడు. 30 మిల్లీ ఆంపియరులకే తెగు రక్షణ స్విచ్చిని వేదిక లైనులో పెట్టించుడు. మైకు, గిటారు, కీబోర్డు అన్నియు ఒకే బోర్డునుండి, ఒకే ఎర్త్‌తో నడుపుడు. రొద వచ్చుచున్నదని మూడుపిన్నుల ప్లగ్గులో పెద్దపిన్నును విరుచు అలవాటు మన ఊళ్లలో కలదు. రొద పోవుటకు ప్రాణమును పణముగా పెట్టుటయే అది. కార్యక్రమము మొదలుపెట్టకముందు గిటారు తంత్రికి, మైకు జల్లెడకు మధ్య మల్టీమీటరును ఏ.సి. వోల్టులలో నుంచి చూచుడు. అంకె కొద్ది వోల్టులకు మించినచో ఎవరును వేదిక ఎక్కరాదు. ఇంకొక్క మాట: గిటారు మూత ఎవరైనను విప్పవచ్చును, ఆంప్లిఫయరు మూత మాత్రము తెలిసినవారే విప్పవలెను. వాల్వులున్న ఆంప్లిఫయరులో ప్లగ్గు తీసిన తరువాతకూడ వందల వోల్టులు దాగియుండును.

మా యువకుని గిటారు బిగించిన తరువాత అతడు టోను నాబును మొదటనుండి చివరకు, చివరనుండి మొదటకు నాలుగుమార్లు త్రిప్పి వినెను. నాదము మెత్తబడుచున్నది గాని పోవుటలేదు. “ఎంత ఇమ్మంటారండీ?” అనెను. మేము పైకము పుచ్చుకొనక, పైన చెప్పిన మీటరు పరీక్షను అతనిచేతనే రెండుమార్లు చేయించి, తంత్రికి మైకునకు మధ్య చూడవలసిన కొలతయు నేర్పి పంపితిమి. శివరాత్రి తెల్లవారిన పిదప ఫోను చేసినాడు. గిటారు సంగతి ముందు చెప్పునని మేమనుకొంటిమి. కాని అతడు చెప్పినది వేరు. “ఎక్కేముందు మీరు చెప్పినట్టు మైకుకీ తంత్రికీ పెట్టి చూశానండీ. తొంభై చూపించింది. ఎర్త్ వేసేదాకా నేను ఎక్కనన్నాను. మావాళ్లు తిట్టారు గానీ వేశారు.”

శ్రోతలారా, కండెన్సరు కాలికి తొడిగిన గొట్టముకంటె ఆ అబ్బాయి “ఎక్కను” అన్న మాటయే మాకు ఎక్కువ తృప్తినిచ్చినది. మీ యింట గిటారు నేర్చుకొను పిల్లలున్నచో వారికి ఒక మల్టీమీటరు కొనియిండు. దాని వెల ఒక జత తంత్రులకు మించి ఎక్కువ కాదు.